యోబు పనివాళ్లు

తెలుగులో దేవుళ్లను బోనెక్కించటం కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి 'శంబుకవధ' (1920) మొదలు రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' (1974) వరకూ పురాణ పురుషుల నీతిని నిలదీసిన సాహిత్యం మనకు దండిగానే ఉంది. కాని అదే ప్రశ్న బైబిలు దేవుని దగ్గరకు వచ్చేసరికి అభ్యుదయ విమర్శ గొంతు సవరించుకుని పక్కకు తప్పుకుంటుంది. సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, పైగా ప్రేమస్వరూపుడు అయిన దేవుడు ఇంత దుఃఖాన్ని ఎందుకు అనుమతించాడు అన్న ప్రశ్నను యూరపులో వోల్టేరు 1755 నాటి లిస్బన్ భూకంపం తర్వాత గట్టిగానే వేశాడు. మనం వేయలేదు.

ఎందుకు వేయలేదో తెలుసు. కోనసీమలో ఈ దేవుణ్ణి నమ్మినవాళ్లలో ఎక్కువమంది పేటల జనం. అంతర్వేది నుంచి సఖినేటిపల్లి రేవు చేరి పంటు ఎక్కితే అవతలి ఒడ్డున నరసాపురం. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఆ ప్రాంతానికి వచ్చారు. ఆ తర్వాత ఈ డెల్టాలో ప్రార్థన మందిరంతో పాటు పలకా బలపం కూడా పేటకు చేరాయి. గుడిలోకి రానివ్వని ఊళ్లో తనను బిడ్డా అని పిలిచిన దేవుణ్ణి పట్టుకుని, నీ దేవుడు మంచివాడేనా అని అడగటం ఏ సంస్కారవంతుడికైనా కష్టమే. మతం మారిన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఒకవైపు. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయినప్పుడు మతాల మధ్య రాజుకున్న అనుమానాలు మరొకవైపు. మన విమర్శ ఎవరి చేతికి కర్ర అవుతుందో అన్న భయం ఉత్తుత్తి భయం కాదు.

అయినా ఆ ప్రశ్నను పేటకు మనం బయటినుంచి మోసుకుపోనక్కరలేదు. అది వాళ్ల చేతిలో ఉన్న గ్రంథంలోనే ఉంది. దాని పేరు యోబు గ్రంథం.

యోబు నీతిమంతుడు. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు, ఏడువేల గొర్రెలు, మూడువేల ఒంటెలు, లెక్కలేనంతమంది పనివాళ్లు. ఇతని భక్తి సుఖంగా ఉన్నంతవరకే అంటాడు సాతాను. చూడు పొమ్మంటాడు దేవుడు. ఒక్కరోజులో అంతా ఊడ్చుకుపోతుంది. ఎడారి గాలి ఇంటిని కూల్చి పదిమంది పిల్లల్నీ చంపేస్తుంది. 1977, 1996 తుపానుల్ని ఎరిగిన తీరంలో ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. మరీ ఆశ్చర్యం ఏమిటంటే చివర్లో దేవుడు యోబుకు జవాబిచ్చేది కూడా సుడిగాలిలోంచే. ఆ జవాబులో కారణం మాత్రం ఉండదు. నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావన్న ధోరణి తప్ప. ఇది జవాబు కాదు, దబాయింపు. అర్జీ పెట్టుకున్న రైతుకు తహసీలుదారు తన హోదా వినిపించటం లాంటిది.

పందెం సంగతి మన ప్రేక్షకుడికి తెలిసిందే. వసిష్ఠుడికీ విశ్వామిత్రుడికీ మాటామాటా పెరిగితే హరిశ్చంద్రుడు కాటిపాలయ్యాడు. అంతర్వేది స్థలపురాణంలోనూ ఆ ఇద్దరే. విశ్వామిత్రుడి ఆజ్ఞమీద రక్తవిలోచనుడు వసిష్ఠుడి నూరుగురు కొడుకుల్ని చంపుతాడు. ఆ తర్వాత నరసింహస్వామి వచ్చి రాక్షసుణ్ణి సంహరిస్తాడు. స్వామి రావటాన్ని కథ ఘనంగా చెబుతుంది. నూరుగురు చచ్చేదాకా ఎందుకు రాలేదని అడగదు. ఈ విషయంలో యోబు గ్రంథం మన స్థలపురాణం కంటే ధైర్యమైనది, అడుగుతుంది. మూడో అధ్యాయం నుంచి యోబు తాను పుట్టిన రోజునే శపిస్తాడు, దేవుణ్ణి వ్యాజ్యానికి రమ్మంటాడు. నీవేదో పాపం చేసి ఉంటావని బుజ్జగిస్తూనే నేరం మోపే ఎలీఫజు, బిల్దదు, జోఫరులను దులిపేస్తాడు. ఆ ముగ్గురూ మాట్లాడింది సరికాదని చివరికి దేవుడే ఒప్పుకోవటం ఈ గ్రంథంలోని గొప్ప మలుపు. పూర్వజన్మ కర్మ అని దళితుడి నోరు కట్టేసినవాళ్లకూ ఆ ముగ్గురు స్నేహితులకూ తేడా లేదు. అయినా చావింట్లో చదివేది సాధారణంగా మొదటి అధ్యాయమే. ఇచ్చినవాడే తీసుకున్నాడన్న మాట దగ్గర పుస్తకం మూసేస్తారు. తుపాను తర్వాత పాపఫలమని బోధించేవాళ్లు తాము యోబు పక్షాన కాక జోఫరు పక్షాన నిలబడ్డామని గమనించరు.

అయితే నాకు అన్నిటికంటే అడ్డుపడే చోటు పందెం కాదు, ముగింపు. గొర్రెలు పద్నాలుగువేలవుతాయి, ఒంటెలు ఆరువేలు. పిల్లలు మళ్లీ పదిమంది పుడతారు. పోయిన బిడ్డకు కొత్త బిడ్డ బదులా అని మొదటి పదిమందినీ కన్నతల్లిని ఎవరూ అడగరు. ఇక పనివాళ్లు? ఎద్దుల దగ్గర కొందరు కత్తివాతకు పోయారు. గొర్రెలతోపాటు కొందరు ఆకాశంనుంచి పడిన దేవుని అగ్నికి కాలిపోయారు. ఒంటెల దగ్గర మరికొందరు. రెట్టింపు జాబితాలో వాళ్ల ఊసే లేదు. పందెంలో వాళ్లు సాక్షులు కూడా కారు, యోబుకు కలిగిన నష్టంలో ఒక పద్దు. దేవుని మంచితనం గురించిన వేదాంత చర్చ అంతా యజమాని దుఃఖం చుట్టూ తిరుగుతుంది. నిజానికి యోబు ఈ కథకంటే న్యాయవంతుడు. నా పనివాడి ఫిర్యాదును తోసేస్తే దేవుడికి ఏం చెప్పుకోను, ఇద్దర్నీ చేసినవాడు ఒకడే కదా అన్న అర్థంలో ముప్ఫై ఒకటో అధ్యాయంలో తానే అంటాడు. లెక్క సరిచేసిన దేవుడికి ఆ మాట గుర్తు రాలేదు.

హరిశ్చంద్ర నాటకంలోనూ ఇదే లోపం. రాజుకు కాటికాపరితనం పరీక్ష. వీరబాహుడికి అది బతుకు. పరీక్ష అయిపోయి రాజు సింహాసనానికి పోతాడు, వీరబాహుడి పేటకు పుష్పకవిమానం రాదు. ఆ కాటి సీనులో నటులు పాడుతూ వచ్చినవి జాషువా 'శ్మశానవాటి' పద్యాలు కావటం యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఆ పద్యాలు వచ్చినప్పుడే రాజు కథ కాసేపు అందరి చావు కథ అవుతుంది.

జాషువా విషయంలో ఒక ఆక్షేపణ ఉంది. 'గబ్బిలం' (1941)లో శివుడి దగ్గరకు అంత ఘాటు సందేశం పంపిన కవి, అకాడమీ బహుమతి (1964) తెచ్చుకున్న 'క్రీస్తు చరిత్ర'లో ఆ గొంతు తగ్గించాడని. గొంతు తగ్గిన మాట వాస్తవం. రాజీ అనటం మాత్రం తొందరపాటు. శిలువమీద తనను ఎందుకు విడిచావని తండ్రిని అడిగినవాడు ఆ కథానాయకుడే. పైన కూర్చున్న దేవుణ్ణి వదిలి కింద మేకులు దిగినవాణ్ణి కావ్యానికి ఎంచుకోవటంలో పక్షం తీసుకోవటం ఉంది. అయినా ఇది నాకు చాలదు. దేవుడూ నాతో బాధపడ్డాడన్నది ఓదార్పు అవుతుంది, సంజాయిషీ కాదు. 1996 నవంబరు 6న వెయ్యికి పైగా ప్రాణాలు తీసిన గాలికి అది బదులు చెప్పదు. చెప్పవలసిన మరో బదులు, అంటే పూరిపాక ఎందుకు పూరిపాకగానే ఉండిపోయింది అన్నది, దేవుడి జోలికి పోకుండానే దొరుకుతుంది. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నాయి' అన్నప్పుడు నిప్పు ఆకాశంనుంచి పడలేదు.

ఈ తీరంనుంచి రాసేవాళ్లకు యోబు కథలో ఇంకా ముట్టని వస్తువు ఒకటుంది. ప్రతి విపత్తులోనూ ఒక్కడు తప్పించుకుని పరుగున వచ్చి కబురు చెబుతాడు. అలాంటివాళ్లు నలుగురు. కబురు చెప్పగానే యోబు బట్టలు చింపుకుని నేలమీద పడతాడు, కథ అతనితో వెళ్లిపోతుంది. తమ తోటివాళ్ల శవాల మధ్యనుంచి వచ్చిన ఆ నలుగురూ వాకిట్లోనే నిలబడి ఉంటారు. తర్వాత వాళ్లెక్కడికి పోయారో గ్రంథంలో లేదు.