ఆరవ చాపము

పల్నాటి పల్లెలలో బిడ్డ నీలిపడి పుట్టెనన్న, ముసలివారు మొదట ఆరా తీయునది గ్రహణమును గూర్చియే. మా బెల్లంకొండలో ఒక అవ్వ, "గ్రహణంనాడు కోడలు కత్తిపీట ముట్టింది బాబూ, అందుకే బిడ్డ గుండె నరాలు అటువి ఇటయినయ్యి" అని కోడలియెదుటనే నాతో తేల్చి చెప్పినది. శరీరశాస్త్రబోధనతో జీవితము గడపిన నాకు ఆ తల్లి వంచిన తలను చూచినపుడు పిండోత్పత్తిశాస్త్రము ఎంత దయగలదో తోచినది.

పిండపు కంఠప్రదేశమున, చేపల మొప్పలయందువలె, ధమనీ చాపములు జంటలు జంటలుగా పుట్టి, కొన్ని నశించి కొన్ని నిలుచును. నాల్గవ జంటలో ఎడమది బృహద్ధమని వంపులో భాగమగును. ఆరవది పుపుస ధమనులకు మూలమై, ఎడమవైపున డక్టస్ అను అడ్డదారి యగును. గుండెనుండి వెలువడు ఏకనాళమును మెలిదిరిగిన తెర యొకటి రెండుగా చీల్చును. ఆ మెలి తప్పిన, మహానాళములు రెండును తారుమారగును. ఇదంతయు రెండవ మాసము ముగియకమునుపే జరిగిపోవును; నెల తప్పితినా యని తల్లి యింకను సందేహించు దినములవి!

ఈ పురావృత్తము శస్త్రకారునకును అక్కరకు వచ్చును. 1938లో బోస్టనునందు రాబర్ట్ గ్రాస్, పుట్టిన పిమ్మట మూతపడక నిలిచిన డక్టసును ఏడేండ్ల బాలికకు దారముతో కట్టివేసెను. అచ్చట రక్తస్రావ మొక్కటియే భయము కాదు. స్వరపేటికకు పోవలసిన ఎడమ నరము రొమ్ములోనికి దిగి, డక్టసు క్రిందుగా చుట్టుకొని, మరల మెడకెక్కును. పిండమున ఆరవ చాపము క్రిందనున్న ఆ నరమును, గుండె దిగిపోవునపుడు చాపము తనతో లాగికొని వచ్చినది. దానిని తప్పింపక ముడివేసిన, బిడ్డ గొంతు బొంగురుపోవును.

తారుమారైన నాళములను 1975లో బ్రెజిలు శస్త్రకారుడు అదిబ్ జటేని కోసి మార్చి కుట్టి, తొలిసారి కృతకృత్యుడయ్యెను. కష్టమంతయు గుండెకే రక్తమునిచ్చు సన్నని ధమనులయందున్నది: మిల్లీమీటరో రెండో వెడల్పుగల వానిని మూలమందలి గోడతోకూడ గుండ్రని తునకలుగా కోసి—శస్త్రకారులు 'బటన్' లనునవి యివియే—మెలిపడకుండ క్రొత్తచోట కుట్టవలెను. అనంతరము లెకాంప్ట్ అను శస్త్రకారుడు చూపిన రీతిని పుపుస ధమనిని బృహద్ధమనికి ముందుకు తెత్తురు. ప్రకృతి తలచిన మెలి అచ్చట లేదు, ఎన్నడును రాదు. అయినను రక్తము నడచును. శస్త్రవిద్య ప్రకృతికి నకలు వ్రాయక స్వతంత్రించిన ఈ ఘట్టమే నాకు మిక్కిలి యిష్టము.

విచిత్రమేమన, గ్రాస్ కట్టివేసిన డక్టసునే నాళములు తారుమారైన బిడ్డలయందు ప్రోస్టాగ్లాండిన్ మందుతో తెరచి యుంచవలెను. సాధారణముగా మొదటి కొన్ని వారములలోనే శస్త్రము జరుగవలెను, లేకున్న ఎడమ జఠరిక బలము తగ్గిపోవును. ఇట్టి చికిత్సల వ్యయము పేదలకు భారము కాకుండ 2007లో ప్రభుత్వపు ఆరోగ్యశ్రీ పథకము వచ్చినది. 2021లో తిరుపతియందు శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయము వెలసినది. ఇక కావలసినది, కాన్పయిన బిడ్డను ఇంటికి పంపకముందే పాదమునకు, రక్తమందలి ప్రాణవాయువును కొలుచు ఆక్సిమీటరు తగిలించి చూచు నర్సమ్మ.