స్థానిక పునరుత్పాదక విద్యుత్ ప్రణాళికలో డిజిటల్ ట్విన్: ధర్నై అనుభవం వెలుగులో విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

ఒక వస్తువుకు గాని వ్యవస్థకు గాని కంప్యూటర్‌లో నిర్మించి, దాని స్థితిగతులతో పాటు ఎప్పటికప్పుడు మారేలా చేసిన ప్రతిరూపాన్ని డిజిటల్ ట్విన్ అంటారు. 2002లో మైకేల్ గ్రీవ్స్ ఉత్పత్తుల జీవితచక్ర నిర్వహణకు సంబంధించి ఈ ఆలోచనను ప్రతిపాదించారు. నాసాకు చెందిన జాన్ వికర్స్ తర్వాత దానికి ఈ పేరు పెట్టారు. పరిశ్రమల్లో పెరిగిన ఈ పద్ధతిని ఇప్పుడు గ్రామ స్థాయి సౌర గ్రిడ్ల ప్రణాళికకు, బ్యాటరీ నిల్వ పరిమాణాన్ని నిర్ణయించడానికి కూడా సూచిస్తున్నారు. ఆ సూచనలోని బలాన్ని, పరిమితిని బీహార్‌లోని ధర్నై గ్రామ అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నమూనా, నీడ, కవల:

2018లో వెర్నర్ క్రిట్జింగర్ బృందం చేసిన వర్గీకరణ ఈ చర్చకు కీలకం. భౌతిక వ్యవస్థకూ కంప్యూటర్ ప్రతిరూపానికీ మధ్య సమాచారం దానంతటదే ప్రవహించకపోతే అది డిజిటల్ నమూనా. వ్యవస్థ నుంచి ప్రతిరూపానికి మాత్రమే ప్రవహిస్తే డిజిటల్ నీడ. రెండు దిశలా ప్రవహించినప్పుడే అది డిజిటల్ కవల. 2021లో సింగపూర్ తన జాతీయ విద్యుత్ గ్రిడ్‌కు డిజిటల్ ట్విన్‌ను ప్రకటించింది. అక్కడ తీగలు, సబ్‌స్టేషన్లు, కొలతలు ముందే ఉన్నాయి. ఇంకా నిర్మించని గ్రామ గ్రిడ్ విషయం వేరు. పుట్టని బిడ్డకు కవల ఉండదు. కాబట్టి ప్రణాళిక దశలో ట్విన్ పేరుతో వాడేది నిజానికి నమూనాయే. అందులోని అంకెల్లో ఎక్కువ భాగం కొలతలు కావు, రూపకర్తల అంచనాలు. కవల అనే పేరు ఆ అంచనాలకు కొలతల గౌరవాన్ని తెచ్చిపెడుతుంది.

ధర్నై అనుభవం:

బీహార్‌లోని జహానాబాద్ జిల్లాకు చెందిన ధర్నైలో 2014 జూలైలో గ్రీన్‌పీస్ చొరవతో 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ ప్రారంభమైంది. అందులో 70 కిలోవాట్లు ఇళ్లు, దుకాణాలు, వీధి దీపాల వంటి వాటికీ 30 కిలోవాట్లు నీటి పంపులకూ కేటాయించారు. దాదాపు 450 కుటుంబాల ఆ ఊరు అంతకుముందు మూడు దశాబ్దాలు విద్యుత్ లేకుండా గడిపింది. టీవీ, ఫ్రిజ్ వంటి ఎక్కువ కరెంటు లాగే పరికరాలపై నిర్వాహకులు పరిమితి విధించారు. గ్రామస్థులు తమకు అసలైన కరెంటు కావాలని మాజీ ముఖ్యమంత్రిని కోరారు. కొద్దికాలానికే ప్రభుత్వ విద్యుత్ తక్కువ ధరకు వచ్చింది. క్రమంగా సౌర గ్రిడ్ వాడకం తగ్గిపోయి, బ్యాటరీలు పాడయ్యాయి. ఆ కేంద్రం పశువుల కొట్టంగా మారిందని 2021లో పత్రికా కథనాలు వచ్చాయి.

ధర్నైకి డిజిటల్ ట్విన్ లేదు. ఉండి ఉంటే ఏం జరిగేదన్నది ఆలోచించదగిన ప్రశ్న. రోజుకు నాలుగున్నర గంటల పూర్తి ఎండకు సమానమైన ఉత్పత్తి ఉందనుకుంటే 70 కిలోవాట్ల నుంచి సుమారు 315 యూనిట్లు వస్తాయి. దుకాణాలను, వీధి దీపాలను, నిల్వలో పోయే నష్టాన్ని పక్కన పెట్టినా ఇంటికి దక్కేది 0.7 యూనిట్. ఒక చిన్న ఫ్రిజ్‌కే అది సరిపోతుంది. బల్బులు, ఫ్యాన్లు మాత్రమే గిరాకీగా నమోదు చేసి ఉంటే, ఎంత సూక్ష్మమైన అనుకరణ అయినా ఈ గ్రిడ్ చాలునని తేల్చేది. లెక్కలో తప్పు ఉండేది కాదు. గ్రామస్థుల కోరికను గిరాకీగా గుర్తించకపోవడంలోనే తప్పు ఉండేది.

అయితే సాంకేతికంగా ట్విన్ చేయగలిగిన మేలు తక్కువేమీ కాదు. గ్రామ గ్రిడ్లలో విస్తృతంగా వాడిన లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షు ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి తగ్గుతుందని అంచనా. లోతుగా ఖాళీ చేసినా అవి త్వరగా క్షీణిస్తాయి. గ్రిడ్ నడుస్తున్నప్పుడు మీటర్ల సమాచారం అందుకునే ట్విన్ ఈ క్షీణతను ముందే పసిగట్టగలదు. కానీ ప్రభుత్వ తీగ ఎప్పుడు వస్తుందో, ఏ ధరకు వస్తుందో ఏ సెన్సర్ కూడా చెప్పదు. అది రాజకీయ నిర్ణయం. అలాంటి పరిణామాలను ప్రత్యామ్నాయ దృశ్యాలుగా రూపకర్తలే నమూనాలో చేర్చాలి. ప్రధాన గ్రిడ్ వస్తే మిగులు విద్యుత్‌ను దానికి అమ్మే ఏర్పాటు మొదటి నుంచే ఉండాలా అన్న ప్రశ్న అప్పుడే ఎదురవుతుంది. 2016లో ఉత్తరప్రదేశ్ మినీ గ్రిడ్ విధానం ఇటువంటి పరిస్థితికి మార్గాలు సూచించింది. అంటే ఊహించలేని పరిణామమేమీ కాదు.

ముగింపు:

గ్రామ గ్రిడ్ ప్రణాళికలో డిజిటల్ ట్విన్‌ను తిరస్కరించనవసరం లేదు, దాని స్థానాన్ని సరిగా నిర్ణయించాలి. నిర్మాణానికి ముందు దాన్ని నమూనా అనే పిలవాలి, అందులోని అంచనాలను గ్రామసభలో చదివి వినిపించాలి. నేటి వాడకంతో పాటు రేపు ఇంట్లోకి రావలసిన ఫ్రిజ్‌ను, మిక్సీని, పిండిమరను కూడా గిరాకీలో లెక్కించాలి. ధర మారితే, ప్రధాన గ్రిడ్ వస్తే, బ్యాటరీలు మార్చడానికి డబ్బు లేకపోతే ఏమవుతుందో పరీక్షించాలి. నిర్మాణం తర్వాత మీటర్లు అనుసంధానించి, నమూనా చెప్పినదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను గ్రామానికి తెలియజేయాలి. ధర్నైలో గ్రామస్థుల కోరిక రహస్యమేమీ కాదు, వారే బహిరంగంగా చెప్పారు. ఆ మాటకు లెక్కలో చోటివ్వని ప్రణాళికను ఎంత అధునాతనమైన ట్విన్ అయినా నిలబెట్టలేదు.