రహస్యనగరంలో సింఫనీ: శాస్త్రజ్ఞుల వాద్యబృందం గురించి

శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు కలిసి నడిపే సింఫనీ వాద్యబృందాల ప్రస్తావన రాగానే సాధారణంగా వినిపించే వివరణ ఒకటుంది. గణితానికీ సంగీతానికీ అవినాభావసంబంధం ఉన్నదనీ, లెక్కలు తెలిసినవారికి లయజ్ఞానం సులభంగా అబ్బుతుందనీ చెబుతారు. ఐన్‌స్టయిన్ వయొలిన్‌ను అందుకు సాక్ష్యంగా చూపిస్తారు. వినడానికి ఇంపుగానే ఉన్నా, ఈ వివరణ అసలు ప్రశ్నను తాకదు. ఐన్‌స్టయిన్ తన కోసమో, నలుగురు మిత్రులతో కలిసో వాయించుకున్నాడు. పగలంతా ప్రయోగశాలలో గడిపినవారు పదులసంఖ్యలో సాయంత్రం ఒకచోట చేరి, ఒక కండక్టరు చేతికదలికకు లోబడి, వారాల తరబడి ఒకే రచనను సాధన చేయడానికి లెక్కల మీది ప్రీతి చాలదు. దాని కారణాన్ని వారి మేధస్సులో కంటే వారు బతికిన ఊరిలో వెతకడం మేలు. అందుకు అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్ తగిన ఉదాహరణ.

1942లో అమెరికా ప్రభుత్వం అక్కడి రైతు కుటుంబాలను ఖాళీ చేయించి దాదాపు 59,000 ఎకరాలు స్వాధీనం చేసుకుంది. అణుబాంబుకు కావలసిన యురేనియంను వేరుచేయడానికి ఆ నేల మీద కంచెల మధ్య ఒక కొత్త పట్టణం లేచింది. 1945 నాటికి దాని జనాభా 75,000. అంత పెద్ద ఊరికి దేశపటంలో చోటు లేదు. అక్కడ ఎవరి పని వారికే తెలియాలి, పక్కవాని పని తెలియకూడదు. వై-12 కర్మాగారంలో యంత్రాల ముందు కూర్చుని, ముల్లు గీత దాటకుండా మీటలు తిప్పిన యువతులకు తాము వేరుచేస్తున్నదేమిటో హిరోషిమా వార్త వచ్చేదాకా తెలియదు. ఇంట్లో భార్యాభర్తల మధ్య కూడా పని మాట నిషిద్ధమే.

అటువంటి ఊరికి 1943లో వాల్డో కోన్ వచ్చాడు. వృత్తి జీవరసాయనశాస్త్రం, వాద్యం చెల్లో. యురేనియం విచ్ఛిత్తిలో పుట్టే మూలకాలను అయాన్ వినిమయ పద్ధతిలో వేరుచేయడం ఆయన చేసిన పని. యుద్ధం ముగిశాక అదే పద్ధతిని కేంద్రకామ్లాల విశ్లేషణకు మళ్ళించి జీవశాస్త్రానికి గొప్ప సాధనాన్ని సమకూర్చాడు. కొద్దిమంది సహోద్యోగులతో ఆయన మొదలుపెట్టిన వాద్యగోష్ఠి 1944లో ఓక్‌రిడ్జ్ సింఫనీ వాద్యబృందంగా రూపుదిద్దుకుంది. దాదాపు పదేళ్ళు ఆయనే దానికి కండక్టరు.

ఈ బృందానికీ ఆ ఊరికీ ఉన్న సంబంధం గమనించదగినది. చెల్లో వాయించేవారి ముందుండే కాగితంలో చెల్లో స్వరాలే ఉంటాయి, వేణువు ఏం వాయిస్తుందో అందులో ఉండదు. పూర్తి స్వరలిపి కండక్టరు ముందు మాత్రమే ఉంటుంది. ఇంతవరకు కర్మాగారానికీ వాద్యబృందానికీ తేడా లేదు: ఒకచోట అధికారి, ఇంకొకచోట కండక్టరు. కాబట్టి శాస్త్రజ్ఞులు తమ పనిలోని క్రమశిక్షణ నుంచి సంగీతంలోకి పారిపోయారనడం సరికాదు. ఆ క్రమశిక్షణను వారు వెంట తెచ్చుకున్నారు. తేడా అంతా చెవిలో ఉంది. తన వంతు వచ్చేదాకా ముప్పయి ఆవర్తాలు లెక్కపెడుతూ కూర్చున్న వాద్యకారునికి మిగిలినదంతా వినబడుతూనే ఉంటుంది. పగలు ఎవరికీ తెలియనివ్వని సమగ్రరూపం సాయంత్రం అందరికీ ఒకేసారి వినబడుతుంది. గణితసామ్యం కంటే ఈ అనుభవమే ఆ బృందాన్ని నిలిపిందని భావించడం న్యాయంగా తోస్తుంది.

విదేశాలలోని తెలుగువారికి ఇటువంటి ఔత్సాహిక సంగీతం కొత్త కాదు. 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనోత్సవంలోనూ, దాని బాటలో నడిచే ఎన్నో ఊళ్ళ ఆరాధనలలోనూ పంచరత్న కృతులను గోష్ఠిగా పాడేవారిలో ఇంజనీర్లు, వైద్యులు కోకొల్లలు. అయితే రెండింటి నిర్మాణం వేరు. గోష్ఠిలో అందరిదీ ఒకే స్వరమార్గం. వరాళిలో తడబడిన గొంతును పక్క గొంతు మోస్తుంది, ఇద్దరు రాకపోయినా కృతి ఆగదు. సింఫనీలో వయొలిన్ల వరుస కొంత దాచగలదు కాని, ఓబో తప్పితే సభంతటికీ తెలుస్తుంది, ఓబో రాకపోతే ఆ స్వరమే ఉండదు. గోష్ఠి అప్పటికే ఉన్న సమాజాన్ని ఏడాదికొకసారి దగ్గరకు చేరుస్తుంది. సింఫనీ ఒకరికొకరు ఏమీ కానివారిని వారం వారం ఒకరికొకరు అవసరమయ్యేలా చేస్తుంది. ఒకదాని ఉదారత ఇంకొకదానికి లేదు, ఒకదాని బాధ్యత ఇంకొకదానికి లేదు. ఏది గొప్ప అని తూచడం కంటే, ఎటువంటి ఊరికి ఎటువంటి సంగీతం కావలసి వచ్చిందని అడగడం ఉపయోగకరం.

ఓక్‌రిడ్జ్ విషయంలో ఆ ప్రశ్నకు చీకటికోణం కూడా ఉంది. ఆ పట్టణాన్ని వర్ణవివక్షతోనే కట్టారు. యుద్ధకాలంలో నల్లజాతి కార్మికులకు దక్కినవి ఇరుకైన చెక్క గుడిసెలు. వారిలో భార్యాభర్తలకు సైతం వేర్వేరు ఆవరణలు. శ్వేతజాతి శాస్త్రజ్ఞులు శ్రుతి కలుపుకుంటున్న ఊరిలోనే ఇదంతా జరిగింది. 1953లో పట్టణ సలహామండలి అధ్యక్షుడుగా ఉన్న కోన్, బడులలో వర్ణవివక్షను తొలగించమని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ను కోరే తీర్మానం ప్రతిపాదించాడు. అది నెగ్గింది. కాని ఆగ్రహించిన పౌరులు ఆయనను మండలి నుంచి తొలగించడానికి ఓటింగు జరిపించారు. కావలసినన్ని ఓట్లు పడకపోవడం వల్లనే ఆయన సభ్యత్వం నిలిచింది. 1955 సెప్టెంబరులో 85 మంది నల్లజాతి విద్యార్థులు అంతవరకు శ్వేతజాతివారికే పరిమితమైన బడులలో అడుగుపెట్టారు.

సంగీతం మనిషిని సంస్కరిస్తుందనడానికి దీన్ని నిదర్శనంగా చూపడం తొందరపాటు. ఆయన కచేరీలకు వచ్చి చప్పట్లు కొట్టినవారెవరూ ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేయలేదని చెప్పడానికి ఆధారమేమీ లేదు. వాద్యబృందం తనలో కూర్చున్నవారికి ఒకరినొకరు వినడం నేర్పగలదు. ఎవరిని కూర్చోనివ్వాలో అది నిర్ణయించదు. ఆ నిర్ణయం ఊరిది. కోన్‌కు ఈ భేదం తెలుసు కనుకనే, కర్ర పట్టి చేయలేని పనిని తీర్మానంతో చేయబూనుకున్నాడు.

1949లో ఓక్‌రిడ్జ్ కంచెల తలుపులు తెరుచుకున్నాయి. రహస్యం పోయింది, వాద్యబృందం మిగిలింది. రహస్యం లేని సంస్థలలో కూడా ఇంజనీరుకు తెలిసేది తన భాగమే, పూర్తయిన వస్తువు ఎక్కడో, ఎవరి చేతిలోనో ఉంటుంది. సాయంత్రాలు వాద్యం పట్టుకుని బయలుదేరేవారిని లెక్కలు వచ్చినవారని మెచ్చుకోవడం కంటే, వారి పగటి పనిలో ఏం కొరవడిందని అడగడమే వారి సంగీతానికి తగిన విమర్శ.