ముల్లు కదలకముందే

మృగశిర కార్తె రాకముందే తాటాకు ఇల్లు నేయించుకోవడం మన పల్లెల్లో తరతరాల అలవాటు. కప్పు కారడం మొదలయ్యాక నిచ్చెన వెతికేవాణ్ణి ఊరంతా చీవాట్లు పెట్టేది. బహ్రెయిన్‌లోని మనామాలో ఇరవై ఏళ్లు పైబడిన పెద్ద కారు ఉంచుకున్నవాళ్లకూ అలాంటి కార్తె ఒకటుంది. మార్చి దాటేలోగా కారు సల్మాబాద్ గ్యారేజీకి వెళ్లాలి. ఇంజిన్ బాగున్నా, కింద ఒక్క చుక్క పడకపోయినా సరే.

చల్లదనానికి ముందుచూపు ఈ దీవికి కొత్త కాదు. ముహరక్‌లో ఒకప్పటి పాలకుడు షేక్ ఈసా బిన్ అలీ ఇంటి గాలిబురుజు కింద నిలబడితే తెలుస్తుంది, గాలి ఎటునుంచి రావాలో ఇల్లు కట్టిన రోజే ఆలోచించారని.

నాది 2000లో తయారైన బీఎండబ్ల్యూ సెవెన్ సిరీస్, వీ8 ఇంజిన్. ఇంజిన్‌ను చల్లార్చే ద్రవాన్ని, అంటే కూలెంట్‌ను, రేడియేటర్‌కు వదిలే దాని థర్మోస్టాట్ 105 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. బరువు పడినప్పుడు కంప్యూటర్ దాన్ని ఇంకాస్త ముందే తెరిపిస్తుంది. నీళ్లు మరిగేది 100 దగ్గర కదా, మరి లోపలి ద్రవం ఎందుకు మరగదు? మూత బిగించి ఉంచిన ఒత్తిడి వల్ల. బయటి గాలికన్నా ఒక బార్ ఒత్తిడి ఎక్కువుంటే మామూలు నీళ్లు కూడా 120 దాకా ఆగుతాయి. అందుకే మూతలో, గొట్టంలో, కూలెంట్ ట్యాంకులో ఎక్కడ సన్నని పగులు వచ్చినా కారేది నాలుగు చుక్కలే అనుకోకూడదు. ఒత్తిడి పోతే లోపలిది మరిగిపోవచ్చు. ఇంజిన్ దిమ్మె, హెడ్లు అన్నీ అల్యూమినియం. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. ఆ పనికయ్యే ఖర్చు చాలాసార్లు కారు అమ్మినా రాదు.

ఇక్కడ జులై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందుంటుంది, అంటే రేడియేటర్‌కు చేరేది అప్పటికే వేడెక్కిన గాలి. వారాంతంలో సౌదీకి వెళ్లే కింగ్ ఫహద్ వంతెన మీద బారులో నిలిచిన కారుకు ఎదురుగాలి కూడా ఉండదు, ఫ్యానే దిక్కు.

మా మెకానిక్‌ది నిజామాబాద్ జిల్లా. మొదటిరోజే ఒక మాట చెప్పాడు: "సార్, ముల్లును నమ్మకుండ్రి. నడుమ నిలవడ్డదంటే సల్లగున్నట్టు కాదు." అది నిజం. ఆ కాలపు బీఎండబ్ల్యూల్లో ఉష్ణోగ్రత ముల్లు సుమారు 75 నుంచి 115 డిగ్రీల దాకా ఒకేచోట నిలిచేలా అమర్చారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టే.

ఆయన విప్పి చేతిలో పెట్టిన పాత ట్యాంకు ఇంకా గుర్తుంది. పైకి చెక్కుచెదరలేదు. గొట్టం తగిలించే మూతి దగ్గర బొటనవేలితో నొక్కితే బిస్కెట్‌లా విరిగింది. గాజునార కలిపిన నైలాన్ అది. ఏళ్లకేళ్లు వేడెక్కుతూ చల్లారుతూ పెళుసుబారుతుంది. రేడియేటర్ చివరల డబ్బాలదీ అదే గతి.

కాబట్టి ఒకటి పోతే ఒకటి మార్చడం ఈ పనిలో చెల్లదు. రేడియేటర్, ట్యాంకు, మూత, థర్మోస్టాట్, వాటర్ పంపు, గొట్టాలు అన్నీ ఒకే వయసువి, అన్నీ ఒకేసారి మారాలి. ఒక్కటే మార్చి ఊరుకుంటే, మిగిలిన పాతవాటిలో ఏదో ఒకటి తర్వాత పోతుంది. ఫ్యాన్ మధ్యలోని జిగట ద్రవపు (విస్కస్) క్లచ్‌నూ మరవొద్దు. వేడి ఇంజిన్‌ను ఆపి చేత్తో తిప్పితే కాస్త అడ్డం పట్టాలి. సులువుగా గిరగిరా తిరిగితే దాని పని అయిపోయినట్టే.

అన్నీ మార్చాక అసలు నేర్పు లోపల చిక్కిన గాలి తీయడంలో ఉంది. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం తిప్పి, మా మెకానిక్ హీటర్‌ను పూర్తి వేడి మీద, బ్లోయర్‌ను అన్నిటికన్నా తక్కువ మీద పెడతాడు. అప్పుడే హీటర్ దారి తెరుచుకుంటుంది. గాలి స్క్రూ వదులు చేసి కూలెంట్‌ను సన్నధారగా పోస్తాడు. స్క్రూ దగ్గర బుడగలు వస్తూ వస్తూ ఆగిపోయి నిండుధార వచ్చేదాకా చేతికి తొందర ఉండదు. ఆ స్క్రూ ప్లాస్టిక్‌దే, రెండు వేళ్లతోనే బిగిస్తాడు. తర్వాత ట్యాంకు మూతికి చేతిపంపు తగిలించి ఒత్తిడి ఎక్కించి, కాసేపు ఆ పంపు మీటర్ ముల్లు వైపే చూస్తాడు. దిగకపోతేనే పని ముగిసినట్టు.

ఇక్కడ మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలవా అనేవాళ్లు ఎందరో. చాలవు. కూలెంట్ మరిగే వేడిని పెంచుతుంది, అల్యూమినియాన్ని తుప్పు తినకుండా కాస్తుంది. అలాగని మొత్తం అదే పోయడమూ తప్పే, వేడిని మోసుకుపోవడంలో నీళ్లే మేలు. సగానికి సగం, అదీ డిస్టిల్డ్ వాటర్‌తో. కొళాయి నీళ్ల ఉప్పులు లోపల పొర కడతాయి. తుప్పును ఆపే మందు కాలంతో అరిగిపోతుంది కనుక రెండు మూడేళ్లకోసారి మార్చాలి.

పాత కారుంటే ఈ వారం ఇంజిన్ బాగా చల్లారాక బానెట్ ఎత్తండి. ప్లాస్టిక్ భాగాల మీద చాలావాటికి చిన్న గడియారం లాంటి గుండ్రటి ముద్ర ఉంటుంది. మధ్యలో ఏడాది, చుట్టూ నెలలు, ఒక బాణం. మీ ట్యాంకు ఏ సంవత్సరానిదో చదవండి. పదేళ్లు దాటి ఉంటే, ఎండలు ముదరకముందే మార్పించండి.