ఇరవై ఒక్క ఆకులు

వినాయక చవితి దగ్గరపడితే పర్యావరణం పేరిట మనం మాట్లాడుకునేదంతా విగ్రహం గురించే. మట్టిదా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌దా? ఆ చర్చ జరగాల్సిందే. జిప్సాన్ని కాల్చి చేసే ఆ ప్లాస్టర్ నీళ్లలో తొందరగా కరగదు, రంగులతో సహా చెరువు అడుగున పేరుకుంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో దాన్ని వద్దంది. 2021లో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో ఆ విగ్రహాలను కలపొద్దంది. 2022లో ఖైరతాబాద్ గణపతి 50 అడుగుల మట్టి విగ్రహంగా కొలువుదీరాడు. చెరువు మట్టి మళ్లీ చెరువుకే చేరాలన్న పాత పద్ధతి కొంతైనా వెనక్కి వస్తోంది. సంతోషం. అయినా నా మనసు విగ్రహం కన్నా పత్రి దగ్గరే ఎక్కువసేపు నిలుస్తుంది.

ఏకవింశతి పత్ర పూజలో ఒక్కో నామానికి ఒక్కో ఆకు. సుముఖుడికి మాచిపత్రి, గజాననుడికి గరిక, లంబోదరుడికి రేగు, గుహాగ్రజుడికి ఉత్తరేణి, చివరన కపిలుడికి జిల్లేడు. మిగతా రోజుల్లో గణపతికి పెట్టని తులసికి కూడా ఆ రోజు చోటుంది. ఏ మొక్క ఎక్కడ పెరుగుతుందో తలుచుకుంటూ చదివితే ఆ వరుస ఊరి పటంలా కనిపిస్తుంది. మద్ది వాగు ఒడ్డు చెట్టు. వావిలి కూడా తడి ఉన్న గట్ల మీద గుబురుకడుతుంది. రేగు, జమ్మి మెట్ట నేలవి. ఉమ్మెత్త, వాకుడు, జిల్లేడు ఎవరూ పట్టించుకోని బీడులో పెరుగుతాయి. దానిమ్మ, జాజి, మరువం పెరటివి. రావి గుడి ముందుంటుంది. గరిక కాలికిందే ఉంటుంది. అంటే పత్రి పూర్తిగా దొరకాలంటే ఊరికి వాగుండాలి, బీడుండాలి, పెరడుండాలి. ఒక్క దేవదారు మాత్రం హిమాలయాల చెట్టు. దానికి బదులు మా ఇంట్లో అక్షతలు వేస్తాం.

తదియ నాటి మధ్యాహ్నమే మేం పత్రికి బయల్దేరతాం. పొద్దుగూకాక ఆకు తుంచకూడదన్నది అమ్మ నియమం. ఒక మొక్క నుంచి ఒకటో రెండో ఆకులే అన్నది ఇంకో నియమం. తుంచే ముందు ఆమె మొక్కను తాకి కళ్లకద్దుకుంటుంది. ఆ కాసేపు ఆగడమే సాధన అని నేను నమ్ముతాను. జపంలో కుదరని ఏకాగ్రత నాకు అక్కడ కుదురుతుంది. ఆగి చూస్తేనే జిల్లేడాకు కింద చారల గొంగళిపురుగు కనిపిస్తుంది. మనకు విషమైన ఆ ఆకు తినే అది నారింజ రంగు సీతాకోకచిలుక అవుతుంది. పురుగున్న ఆకు వదిలేసి పక్కది తీసుకుంటాం. పిల్లలు వెంట వస్తే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు నోట పెట్టకూడదని చెప్పి చేతులు కడిగిస్తాం.

ఏటికేడు ఈ వెతుకులాట దూరం పెరుగుతోంది. బీడు ప్లాట్లయింది. వాగు మురుగు కాలువయింది. గట్ల మీది గరికను కలుపుమందు మాడ్చేస్తోంది. బజారులో పత్రి మోపు కొంటే పని సులువే. కానీ అందులో ఆకుల బదులు విరిచిన కొమ్మలే ఉంటాయి. ఏది మాచిపత్రో ఏది మరువమో తెలియక గుప్పెడు తీసి వేసేస్తాం. అమ్ముడుపోని కుప్ప మర్నాడు చెత్త బండెక్కుతుంది. పొట్టకూటికి తెచ్చి అమ్మేవాళ్లను నేను తప్పుపట్టను. మోపులు మోపులుగా అడుగుతున్నది మనమే.

ఇరవై ఒక్క ఆకులు కోసినంత మాత్రాన ఎండలు తగ్గుతాయా అని అడిగేవాళ్లున్నారు. తగ్గవు. చెరువులోకి మురుగు రాకుండా ఆపాల్సింది ప్రభుత్వం, ఆ మాట గట్టిగా అడగాల్సిందే. కానీ అడగాలంటే ముందు ఏం పోయిందో తెలియాలి కదా! వాగు ఒడ్డున మద్దిచెట్టు కోసం ఏటా వెళ్లేవాళ్లకే దాన్ని కొట్టేసిన సంగతి ముందు తెలుస్తుంది. వాళ్లకు అది లెక్కల్లో తగ్గిన చెట్టు కాదు, సురసేవితుడికి ఆకిచ్చిన చెట్టు. ఆ బాధ ఉన్నవాళ్లు ఊరుకోరు. పూజకు అంత బలముందని నా నమ్మకం.

ఈ చవితికి మోపు కొనకుండా ఒకసారి ఇంట్లోవాళ్లతో కలిసి మీ చుట్టుపక్కల తిరగండి. పది ఆకులే దొరికితే పదితోనే పూజ చేసుకోండి. దొరకని వాటి పేర్లు రాసి పెట్టుకోండి. వాటిలో జమ్మో, మారేడో, మద్దో ఒక్కటి నర్సరీ నుంచి తెచ్చి గుడి ఆవరణలోనో బడి వెనకో నాటండి. భాద్రపద వానలకు వేరు పట్టుకుంటుంది. వచ్చే రెండు వేసవులూ నీళ్లు పోయడం మాత్రం మరచిపోకండి.