పరిగె వదిలిన చేను

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో సామెతల గ్రంథం 31వ అధ్యాయం వినకుండా పెరిగిన ఆడపిల్ల ఉండదు. పెళ్లినాడు పాస్టరుగారు దాన్నే చదువుతారు. స్త్రీల ఆదివారం ప్రసంగం దాని మీదే నడుస్తుంది. కన్నుమూసిన తల్లుల జ్ఞాపకార్థ కూడికల్లోనూ ఆ వచనాలే వినిపిస్తాయి. అందులోని గుణవతి ఇంకా చీకటి ఉండగానే లేస్తుంది, ఇంటిల్లిపాదికీ తిండి చూస్తుంది, నూలు వడుకుతుంది, పొలం కొంటుంది, ద్రాక్షతోట వేయిస్తుంది, బీదలను ఆదుకుంటుంది. రాత్రయినా ఆమె దీపం ఆరదు. ఆ అధ్యాయమంటే నాకు ఎంతో గౌరవం. దాన్ని మనం వాడుతున్న తీరు మీదే నా అభ్యంతరం. ఒక స్త్రీని మెచ్చుకుంటూ రాసిన కవితను మిగతా స్త్రీలందరినీ కొలిచే కర్రగా మార్చేశాం. ఏ లోటూ లేని ఇల్లాలు కావాలని దేవుడు అడిగినట్టు గ్రంథంలో ఎక్కడా కనిపించదు. చెయ్యగలిగినదంతా చెయ్యకుండా కొంత మిగిల్చి ఆగమన్న ఆజ్ఞ మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ వారం నా వాదనంతా దాని చుట్టూనే.

ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లో ఈ విషయం ఊహాగానం కాదు, రోజువారీ బతుకు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాప్ కట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తెలుగు కుటుంబాలు పనికోసం తరలివచ్చాయి. 1955లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. తరాలు మారినా మథురాకటి, నింపురా వీధుల్లో తెలుగు వినబడుతూనే ఉంది, తెలుగులో ఆరాధన సాగుతూనే ఉంది. రైలు పనికి రాత్రీ పగలూ తేడా లేదు. భర్త ఉదయం ఆరింటి డ్యూటీకి వెళ్లాలంటే నాలుగున్నరకే పొయ్యి వెలగాలి. రాత్రి పదింటి డ్యూటీ అయితే క్యారియర్ సర్ది పంపాక గిన్నెలు తోముకోవాలి. అతను తెల్లారి వచ్చి పడుకుంటే పిల్లల గోలకు అతను లేవకుండా చూసుకోవాలి. ఆ మధ్యలోనే శుక్రవారం ఉపవాస ప్రార్థన, వంతు వచ్చినప్పుడు ఇంట్లో గృహ కూడిక. ఇంటికి కూడిక వస్తోందంటే పరదాలు ఉతకాలి, చాపలు దులపాలి, పదిహేను ఇరవై మందికి టీ, ఉప్మా సిద్ధం చెయ్యాలి. ఇవన్నీ అయ్యాక నవ్వుతూ పాట ఎత్తుకోవాలి. క్వార్టర్ గోడలు ఆనుకుని ఉంటాయి కాబట్టి ఎవరింట్లో ఏం జరిగినా నాలుగిళ్లకు తెలుస్తుంది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్న సామెత అక్కడ ప్రతి గుమ్మం ముందూ కాపలా కాస్తుంది.

ఈ ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా వదిలెయ్యమని చెప్పడం బాధ్యత లేని మాట అవుతుంది. అందుకు తెలుగు సంఘాల తొలి రోజులకు వెళ్లాలి. 1842లో గుంటూరులో లూథరన్ మిషన్, 1874లో కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ మొదలయ్యాయి. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ దొరగారి కాలంలో, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంఘంలోకి వచ్చినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. అంటరానివాళ్లంటూ ఊరి బయట ఉంచిన మనుషులకు బడి దొరికింది, అక్షరం దొరికింది. బోర్డింగు బడిలో ఆడపిల్లలకు చదువుతో పాటు కుట్టుపని, శుభ్రత, ఇల్లు దిద్దుకోవడం నేర్పారు. ఉతికిన చీర, అలికిన గుమ్మం, దువ్విన పిల్లల తలలు ఊరు విసిరిన అవమానానికి మాట లేకుండా ఇచ్చిన జవాబులయ్యాయి. ఆ జవాబులో ఆత్మగౌరవం ఉంది, దాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే జవాబు చెప్పే బరువంతా ఆడవాళ్ల భుజాల మీదే పడింది. కుటుంబం పరువు, సంఘం సాక్ష్యం, దేవుని నామం మూడూ ఒక స్త్రీ వంటగదిలో తూకానికి నిలబడ్డాయి. పరదా మాసినా సాక్ష్యం చెడుతుందనే భయం అలా వేళ్లూనుకుంది.

ఈ భయాన్ని మనస్తత్వ శాస్త్రం కూడా గుర్తించింది. 1991లో పాల్ హెవిట్, గోర్డన్ ఫ్లెట్ అనే కెనడా పరిశోధకులు పరిపూర్ణత కోసం పడే తపనను మూడు రకాలుగా విడదీశారు. మనిషి తనకు తాను పెట్టుకునే కొలత ఒకటి, ఇతరులకు పెట్టే కొలత మరొకటి, చుట్టూ ఉన్నవాళ్లు తన నుంచి లోటు లేనితనాన్ని ఆశిస్తున్నారనే నమ్మకం మూడోది. నిస్పృహతో, ఆందోళనతో ఎక్కువగా ముడిపడి కనిపించేది ఈ మూడో రకం. క్వార్టర్ల మధ్య, సంఘం మధ్య బతికే స్త్రీని నలిపేది కూడా ఎక్కువగా ఇదే. ఆమె పని మీద ప్రేమతో అలసిపోతే విశ్రాంతితో తేరుకుంటుంది. నలుగురి కళ్లకు భయపడి అలసిపోతే విశ్రాంతి తీసుకోవడమే తప్పుగా తోస్తుంది.

ఇప్పుడు ఆ అధ్యాయాన్ని మళ్లీ తెరుద్దాం. అది మొదలయ్యేది లెమూయేలు అనే రాజుకు అతని తల్లి చేసిన ఉపదేశంతో. గుణవతి మీది కవిత ఆమె మాటేనా, విడిగా చేర్చినదా అన్నదానిపై పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నా, అధ్యాయం గుమ్మంలో మనకు కనిపించేది మాత్రం తల్లి మాట వింటున్న కొడుకే. యూదుల ఇళ్లలో సబ్బాతు సాయంత్రం ఈ కవితను ఇంటిల్లాలిని గౌరవిస్తూ పాడే ఆచారం ఉంది. అక్కడ అది ఆమె చెవికి కానుకగా చేరుతుంది. హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాల వరుసలో 22 వచనాలుగా అల్లిన రచన అది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒక నిండు జీవితాన్ని పొగడడానికి కవి ఎంచుకున్న పద్ధతి. పొలం కొనడం, తోట వెయ్యడం, నేత నేసి అమ్మడం ఒక్క రోజులో జరిగే పనులు కావు. పైగా 15వ వచనంలోనే ఆమె ఇంట్లో పనికత్తెలున్నారు. ఆమె ఒంటిచేత్తో నెగ్గుకొచ్చిందని కవి ఎక్కడా చెప్పలేదు. ఇంకో సంగతి: ఆమె ఇది చెయ్యాలి, అది చెయ్యాలి అన్న ఆదేశం కవితలో ఒక్కటీ లేదు. చివరి వచనం మాత్రం ఆమె కష్టఫలం ఆమెకే దక్కాలని చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతుంది. అందులోని బాధ్యత ఊరిది, ఇంటివాళ్లది.

ఇక మిగిల్చి ఆగమన్న ఆజ్ఞ సంగతి. లేవీయకాండం 19వ అధ్యాయంలో కోతకు సంబంధించిన ధర్మం ఉంది. చేను కోసేటప్పుడు అంచుల దాకా కొయ్యకూడదు, రాలిన పరిగె ఏరకూడదు. ద్రాక్షతోటలో కాయలన్నీ దులపకూడదు. బీదలకు, పరదేశులకు అవి వదలాలి. పండుగల పట్టికను వివరించే 23వ అధ్యాయం మధ్యలో ఇదే మాట మళ్లీ వస్తుంది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. పొలంలో ఒక పన మరచిపోతే దాని కోసం వెనక్కి వెళ్లకూడదట. మనిషి మరపును కూడా ధర్మంలో చేర్చుకున్న మాట ఇది. కొడవలి పదునుగా ఉంది, ఒంట్లో శక్తి ఉంది, ఇంకో గంట పొద్దుంది, అయినా ఆగాలి. అంచు దాకా కోసేసిన చేను చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ధర్మం ప్రకారం అది తప్పిన చేను.

అది దానధర్మాల మాట, దాన్ని ఇంటిపనికి ఎలా ముడిపెడతారని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఆజ్ఞ ఒంటరిగా లేదు. వారంలో ఏడో రోజు ఆగమన్నారు, ఏడో ఏట భూమిని బీడు పెట్టమన్నారు, కోతలో అంచు వదలమన్నారు. శక్తి అయిపోయే దాకా, పని పూర్తయ్యే దాకా సాగవద్దన్నది ఆ ధర్మశాస్త్రమంతా పరుచుకున్న క్రమం. వదిలిన ఆ అంచు వల్ల ఏం జరిగిందో రూతు గ్రంథం చెబుతుంది. అత్త వెంట పరాయి దేశం వచ్చిన మోయాబు విధవరాలు బోయజు పొలంలో పరిగె ఏరుకుని బతికింది. ఆమె మునిమనవడే దావీదు. మత్తయి సువార్త యేసు వంశావళిలో ఆమె పేరు రాసింది. బోయజు పనివాళ్లు చేనంతా ఊడ్చుకుపోయి ఉంటే రూతుకు ఆ గింజలు దక్కేవి కావు. ఇంటి విషయంలోనూ అంతే. అన్నీ తానే చేసేసే తల్లి ఇంట్లో కొడుకు అన్నం వార్చడం నేర్చుకోడు, కోడలికి చోటు దొరకదు, పక్కింటి ఆవిడ సాయం చెయ్యడానికి జంకుతుంది. ఒక స్త్రీ వదిలిన అంచులో ఇంకొకరు బతకడానికి, ఎదగడానికి చోటుంటుంది.

పరలోకపు తండ్రిలా పరిపూర్ణులు కావాలని కొండమీది ప్రసంగంలో యేసు చెప్పలేదా అనేది రెండో అభ్యంతరం. చెప్పాడు. మత్తయి 5వ అధ్యాయం చివరి వచనం అది. దానికి సరిగ్గా ముందున్న వచనాలు శత్రువును ప్రేమించడం గురించి, మంచివాళ్ల మీదా చెడ్డవాళ్ల మీదా ఒకేలా ఎండా వానా కురిపించే దేవుని గురించి. అక్కడ అడిగింది ప్రేమకు హద్దు గీయవద్దని. తప్పు దొర్లని మనిషి ప్రస్తావన అక్కడ లేదు. ఆ ప్రేమలో తన మీద తనకు ఉండాల్సిన దయ కూడా ఉంది. మార్త, మరియల కథనూ మనం తొందరపడి చదువుతాం. లూకా 10వ అధ్యాయంలో మార్త ఆతిథ్యాన్ని యేసు తప్పుపట్టలేదు, ఆమెను కమ్ముకున్న కంగారును చూపించాడు. యోహాను 11వ అధ్యాయంలో ఆయన్ను క్రీస్తుగా ఒప్పుకున్నది ఆ మార్తే. వంటగదిలో కంగారుపడిన స్త్రీ విశ్వాసంలో తక్కువది కాదని ఆ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

క్రమశిక్షణ సడలితే కష్టపడి నిలబెట్టుకున్న సమాజం ఏమవుతుందన్నది మూడోది, అన్నిటికన్నా బరువైనది. దీనికి ఖరగ్‌పూర్ వర్క్‌షాపే సమాధానం చూపిస్తుంది. పెట్టె ఎంత బాగా కట్టినా పట్టాల మీద తిరిగితే చక్రం అరుగుతుందని అక్కడి పనివాళ్లందరికీ తెలుసు. అందుకే నిర్ణీత కాలానికి పీరియాడికల్ ఓవర్‌హాల్ పెట్టారు. పెట్టెను ఎత్తి, బోగీలు విడదీసి, చక్రం అంచును గేజితో కొలుస్తారు. ఎంత అరుగుదల దాకా ఫర్వాలేదో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ హద్దు లోపల ఉంటే చక్రం పనికొస్తుంది, దాటబోతుంటే లేత్ మీద సరిచేస్తారు. అరిగినందుకు చక్రాన్ని ఎవరూ నిందించరు. అరుగుదలను దాచిపెట్టి నడిపితేనే ప్రమాదం. ఇంత నిక్కచ్చి క్రమశిక్షణే చక్రం అరుగుదలను లెక్కలో వేసుకుంటే, అలసటను దాచుకోమనే క్రమశిక్షణ దేనికి పనికొస్తుంది? వదిలెయ్యమనడం అంటే నాణ్యత వదిలెయ్యమని కాదు. ఎంత లోటు దాకా ఫర్వాలేదో భయం లేకుండా నిర్ణయించుకొమ్మని.

మరి ఆమె వదిలిన పని ఎవరు చేస్తారు? ఇక్కడ దాటవేస్తే వాదనంతా వట్టి మాటగా మిగులుతుంది. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చించారు. ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టేవాళ్లే స్త్రీలలో 81.2 శాతమైతే మగవాళ్లలో 26.1 శాతం. విశ్రాంతి దినపు ఆజ్ఞలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, పరదేశి అందరి పేర్లూ ఉన్నాయి, భార్య ప్రస్తావన విడిగా లేదు. వ్యాఖ్యాతలు ఆమెను ‘నీవు’ అన్న మాటలోనే కలిపి చదువుతారు. మన ఇళ్లలో మాత్రం ఆమెను నిజంగానే వదిలేశాం. వారంలోకెల్లా పెద్ద వంట ఆదివారమే. తన శిష్యుల పాదాలు కడిగినవాడు, పునరుత్థానం తర్వాత తిబెరియ తీరాన నిప్పులు రాజేసి చేపలు కాల్చి, రాత్రంతా వలలు లాగి వచ్చినవాళ్లకు వడ్డించినవాడు మన ప్రభువు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి అలసటను కాదనను. సెలవు రోజున క్యారియర్ కడిగితే పరువు పోతుందనే మాట మాత్రం ఆ తీరం దగ్గర నిలబడదు.

కాబట్టి ఈ బాధ్యతను ఒక్కొక్క స్త్రీ మనసుకే వదిలెయ్యడం సరికాదు. ధర్మశాస్త్రం అంచు వదలమన్నది చేను యజమానికి. ఆ స్థానంలో ఇప్పుడున్నది ఇంటి పెద్దలు, సంఘ పెద్దలు. గృహ కూడికకు మంచినీళ్లు చాలని సంఘమే ప్రకటిస్తే, ఏ ఒక్క ఇల్లాలూ తక్కువ చేసినట్టు కాదు. ప్రేమ విందుకు వంట, వడ్డన, గిన్నెలు కడగడం పురుషుల సహవాసం వంతుగా తీసుకోవచ్చు. స్త్రీల కూడికలో గెలుపు సాక్ష్యాలతో పాటు ఈ వారం చెయ్యలేకపోయిన పని గురించి, దిగమింగుకున్న దుఃఖం గురించి కూడా చెప్పుకునే చోటుండాలి. అలా చెప్పినవాళ్లకు ఉపదేశం కాకుండా ప్రార్థన, సాయం అందాలి. వచ్చే స్త్రీల ఆదివారం ఆ 31వ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదివి, ప్రసంగం మగవాళ్లను ఉద్దేశించి చెయ్యమని పాస్టరుగార్లను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. గుణవతిని పొగిడింది చాలు. ఆమె కష్టఫలం ఆమెకు దక్కేలా చూడమన్న ఆ చివరి వచనానికి మనం ఇంకా లోబడవలసే ఉంది.