నాలుగు జాముల మేడ

ప్రాగ్ నగరంలో చార్లెస్ వంతెన పక్కన, ఒకప్పటి స్నానశాల ఇప్పుడు అయిదంతస్తుల నృత్యశాల. అంతస్తు మారితే పాట మారుతుంది. మొవ్వ మండలంలోని మా కూచిపూడి మాత్రం ఇటుక పేర్చకుండానే, రామలింగేశ్వరుడి గుడి ముందు మట్టి మీద మేడ కట్టింది. దాని అంతస్తులు జాములు. మెట్లెక్కించేవి గజ్జెలు.

భామాకలాపం ఆడే రాత్రీ, నీకు దణ్ణం!

పొద్దుగూకితే కింది అంతస్తు తెరుచుకుంటుంది. రంగం ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గుపెట్టి, ధూపం వేస్తారు. కుటిలకమనే వంకరకర్ర పట్టుకొని సూత్రధారుడు వస్తాడు. మద్దెల, తాళం, ఫిడేలు శ్రుతిలో పడతాయి. పొలం నుంచి వచ్చినవాళ్ళు చాపలు పరుచుకుంటారు. ముందు వరసలో కూచున్న పిల్లలు కాసేపటికే తల్లుల ఒళ్ళోకి చేరతారు.

రెండో అంతస్తు నాకు ప్రాణం. ఇద్దరు తెర పట్టుకుంటారు. కాగడా మీద గుగ్గిలం పొడి చల్లగానే మంట భగ్గుమంటుంది. కాగడా పట్టిన రజకుల చేతులకీ దణ్ణం, వాళ్ళు నిలవకపోతే రాత్రి నిలవదు. ఆ వెలుగులో తెర మీదుగా జడ వచ్చి పడుతుంది. చిలకా, పామూ, సూర్యుడూ, చంద్రుడూ పొదిగిన జడ. ఆటలో గెలవగలిగినవాళ్ళు రండని సత్యభామ సవాలు! తెర వెనక ఉన్నది మగవాడని ఊరందరికీ తెలుసు. తెర దిగాక ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆ వేషమే కట్టిన వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన భామని చూసినవాళ్ళు మాత్రం జడ తిప్పిన తీరు చెప్పుకొంటారు. ఊళ్ళోని బ్రాహ్మణ కుటుంబాల్లో ప్రతి మగపిల్లాడూ జన్మలో ఒక్కసారి ఆ వేషం కట్టాలని, కలాపం కూర్చిన సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని పెద్దలు చెబుతారు.

మూడో జాములో చెలికత్తె మాధవితో వాదం. ఆ మాధవి సూత్రధారుడే. తర్వాత కృష్ణుడికి లేఖ. తూగుతున్న ముసలాయన కూడా అక్కడ లేచి కూచుంటాడు.

మా ఊరి ఆటకి సరసమే కాదు, కోపమూ తెలుసు. సమ్మెట గురవరాజనే పాలకుడి ఆగడాలను, ఈ ఆటలాడే భాగవతులు విజయనగర ప్రభువు ముందు వేషం కట్టి చూపారని మాచుపల్లి కైఫియతు అనే గ్రామచరిత్ర చెబుతుంది.

ఆఖరి అంతస్తు వేకువ. కృష్ణుడొస్తాడు, అలక తీరుతుంది, కాగడా వెలవెలబోతుంది. కాలవగట్టు మీద కోడి కూస్తుంది.

ఇప్పుడు చాలా వేదికల మీద భామకు ఇచ్చేది గంటా గంటన్నర. తెరకీ, జడకీ, ప్రవేశ దరువుకీ అది సరిపోతుంది. లేఖ దగ్గర నింపాదిగా ఆగే తీరిక దొరకదు, వేకువ అసలే రాదు. భాగవతులారా, ఏడాదికి ఒక్క రాత్రి తెల్లవారేదాకా ఆడండి. చాపలు మేం తెచ్చుకుంటాం.